చిన్న బీ, చిన్న డీ

మా అమ్మాయికి అప్పుడు ఐదేళ్లు. ఈ అరబ్బు దేశంలో, అల్ ముంతజా పేటలో మేముండే వీధిలో దుకాణాల బోర్డుల మీద ఇంగ్లీషు అక్షరాలు గడగడా చదివేసేది. వాళ్ల నాన్న మురిసిపోయి ఊళ్లోవాళ్లకి వీడియోలు పంపేవారు. ఆ బోర్డుల మీదవన్నీ పెద్ద అక్షరాలేనని, అంటే కేపిటల్ లెటర్సేనని మా ఇద్దరికీ తట్టలేదు.

స్కూలు అడ్మిషన్ పరీక్షలో బయటపడింది. టీచరు చిన్న అక్షరాల అట్టముక్కలు ఒక్కొక్కటే చూపిస్తుంటే పిల్ల బిత్తరపోయి నా వైపు చూసింది. చిన్న జీని చూసి "నైన్" అంది. అప్పటికే రెండు స్కూళ్లు సీట్లు లేవన్నాయి. ఇది మూడోది.

"పెద్దవన్నీ వచ్చు. చిన్నవి అసలు గుర్తుపట్టడం లేదు. రెండు వారాల్లో నేర్పించి మళ్లీ తీసుకురండి" అంది టీచరు.

మా ఆయన కారు తీశారు. వెస్ట్ బే దగ్గర సిగ్నల్ పడ్డాక, "ఈసారీ రాకపోతే మీరిద్దరూ అమలాపురం వెళ్లిపోండి. అక్కడే బళ్లో వేద్దాం. నేనెక్కడో రూములో సర్దుకుంటాను" అన్నారు. కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ భయమేసింది.

నేను చదివింది తెలుగు మీడియం. ఏబీసీడీలు నాలుగు గీతల కాపీ పుస్తకంలో దిద్ది నేర్చుకున్నాను. ఎలా వచ్చాయంటే చెప్పలేను. ఇరవయ్యారు జతలూ కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అడగడం మొదలెట్టాను.

"మన 'అ' ఒక్కటే కదమ్మా, దీనికి రెండెందుకు?" అనేది.

"ఎందుకో నాకూ తెలీదు. చూసి చెప్పు."

పైగా నేను చేత్తో రాసే చిన్న ఏ ఒకలా ఉంటే, పుస్తకంలో అచ్చయినది ఇంకోలా ఉంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని, "నువ్వే తప్పు రాశావు" అంది. స్కేలు తీసుకుని చేతి మీద కొట్టాను. ఏడవలేదు. చెయ్యి వెనక్కి దాచుకుంది.

మర్నాటి నుంచి వచ్చిన అక్షరాలు కూడా పలకడం మానేసింది. కడుపునొప్పి అంది. అల్ సద్‌లో క్లినిక్‌కి తీసుకెళ్తే డాక్టరు పొట్ట నొక్కి చూసి, "లోపల ఏమీ లేదు. ఇంట్లో దేనికైనా భయపడుతోందా?" అని అడిగారు.

లేదన్నాను. పిల్ల నా మొహంలోకి చూసింది.

ఇంటికొచ్చి ఫ్రిజ్ మీద కాగితం చింపేశాను. ఇంకా ఐదు రోజులే ఉన్నాయి. ఏం చెయ్యాలో తోచక, చపాతీ పిండి కలుపుతూ ఏడుస్తున్నాను. పిల్ల వచ్చి ఓ ముద్ద అడిగింది. పాములా పొడుగ్గా చేసి వంచి, "సీ" అంది, ఎవరూ అడక్కుండానే. నేను పక్కనే బుల్లి సీ ఒకటి చేసి పెట్టాను. "ఇదీ సీయే" అంది. ఓ, ఎస్, వీ, ఎక్స్, జెడ్... చిన్నవైనా రూపు మారనివి ఇన్ని ఉన్నాయని నేనూ అప్పుడే గమనించాను.

"ఇవన్నీ నీకు ముందే వచ్చు" అన్నాను.

"మరి కొట్టావెందుకు?"

పిండి చేతులతోనే దగ్గరికి తీసుకున్నాను. కాసేపు బిగుసుకుపోయి నిలబడింది.

తర్వాతి రోజుల్లో పిండితో చిన్న బీ చేసి, అటు తిరగేసి డీ చేసింది, దాన్ని తలకిందులు చేసి పీ అంది. పరీక్ష నాటికి చాలావరకు వచ్చాయి. నేను గాజు తలుపు ఇవతల నిలబడ్డాను. బీ, డీల దగ్గర వేలు గాల్లో తిప్పి చూసుకుంది, అయినా ఒకటి తప్పింది. జీ రానే లేదు.

"ఒక క్లాసు కింద వేసుకుంటాం" అంది టీచరు.

డ్యూటీలో ఉన్న మా ఆయనకి ఫోను చేశాను. "హమ్మయ్య" అన్నారు. అంతలోనే, "ఏడాది పోయిందన్నమాట" అన్నారు.

మెట్రోలో పిల్ల అడిగింది: "మళ్లీ ఎప్పుడైనా ఇలా అడుగుతారా అమ్మా?"

"అడగరు" అన్నాను. అబద్ధమని తెలిసే అన్నాను. నమ్మి, నా మీదికి ఒరిగి నిద్రపోయింది. దిగాల్సిన స్టేషన్ వచ్చింది, వెళ్లిపోయింది. నేను లేపలేదు.