నాయనమ్మ వడ్డించిన డేనిష్ పెళ్లి

మొన్న లండన్ క్రోయిడన్‌లో ట్రామ్ దిగి నడుస్తుంటే ఎవరి ఓవెన్‌లోంచో బాదంపిండీ పంచదారా కలిసి కాలుతున్న వాసన వచ్చింది, అంతే, కాళ్లు ఆగిపోయాయి. మా బాబాయి పెళ్లి కేకు వాసన అది. బాదంపిండితో గాజుల్లా చుట్టి, పెద్దదాని మీద చిన్నది పేర్చి, గోపురంలా నిలబెట్టిన డెన్మార్క్ వాళ్ల కేకు.

రెండువేల నాలుగులో నాకు తొమ్మిదేళ్లు, ఇంగ్లండ్‌లోనే స్టీవెనేజ్ అనే ఊళ్లో ఉండేవాళ్లం. బాబాయి డాక్టరు, పెళ్లాడబోయేది తన వార్డులోనే నర్సుగా చేస్తున్న డెన్మార్క్ అమ్మాయి కారెన్‌ని. పెళ్లికని తెనాలి నుంచి వచ్చిన నాయనమ్మ, "వస్తాను, కూచుంటాను. కోడలన్న మాట మాత్రం నా నోట రాదు" అని తెగేసి చెప్పింది. ఆ ఒక్క మాట కోసం బాబాయి మొహం వేలాడేసుకుని తిరిగేవాడు, పాపం.

పెళ్లికి ముందు వారమే టీవీలో డెన్మార్క్ యువరాజు పెళ్లి వచ్చింది. వీధుల నిండా ఎర్రతెల్ల జెండాలు, గుర్రపు బండి, మూరల కొద్దీ తెల్లగౌను. కారెన్ మా సోఫాలో కూర్చుని పూరీలు తింటూ చూసింది. నాయనమ్మ కుర్చీ అటు తిప్పుకుని ఓరకంట చూసింది. చర్చిలో పెళ్లికూతురు నడిచొస్తుంటే యువరాజు కళ్లు తుడుచుకున్నాడు.

"వాడెందుకే ఏడుస్తాడు?"

"హీ లవ్స్ హర్, నాయనమ్మా" అన్నాను.

"సరేలే. వాళ్లమ్మేది? ఆ కుర్చీలో కూచున్నావిడా? ఆవిడలా కూచుంటే వచ్చినవాళ్లని ఎవరు చూస్తారు?" అని విసుక్కుంది.

పెళ్లిరోజు కౌన్సిల్ హాల్లో ఒకవైపు చేపల పళ్లేలు, ఇంకోవైపు అమ్మ చేసిన పులిహోర, గారెలు. నాయనమ్మ పట్టుచీరలో ఓ మూల బిగదీసుకుని కూర్చుంది. భోజనాలు మొదలయ్యాయో లేదో, కారెన్ తాతగారు స్పూనుతో ప్లేటు మీద టింగుమనిపించారు, వెంటనే వాళ్లవైపు చుట్టాలు ముప్ఫైమందీ అందుకున్నారు. అలా ప్లేట్లు మోగితే వధూవరులు లేచి ముద్దుపెట్టుకోవాలట, అది వాళ్ల ఆచారం. మాకేం తెలుసు!

నాయనమ్మ ఉలిక్కిపడి లేచింది. "అయ్యో, ప్లేట్లు కొడుతున్నారే! పెళ్లిలో అన్నం పెట్టలేదంటారు, పరువు పోతుంది!" పులిహోర గిన్నె ఎత్తుకుని బల్లల వెంట పరిగెత్తింది. వెనకాల వధూవరులు ముద్దుపెట్టుకుంటున్నారు, ఈవిడ ముందు వడ్డిస్తోంది. తిన్నవాళ్లు మళ్లీ మోగించారు. "ఇదేం ఆకలే వీళ్లకి!" అంటూ మరో విడత. అలా వడ్డిస్తూ వధూవరుల బల్ల దగ్గరికొచ్చి ఆగి, హాలు దద్దరిల్లేలా అమ్మని కేకేసింది.

"ఏమే, కళ్లు కనపడ్డం లేదూ? కోడలి ప్లేటు ఖాళీగా ఉంది, గారెలు పట్రా!"

అమ్మ గరిటె పట్టుకుని నిలబడిపోయింది. బాబాయి సిగ్గుపడకుండా అందరి ముందూ ఏడ్చేశాడు. తెలుగులో కారెన్‌కి వచ్చిన నాలుగు మాటల్లో 'కోడలు' ఒకటి. ఆవేళ అయిదు గారెలు తింది. నాకైతే ఒళ్లంతా సంతోషం, దేనికో తెలియకపోయినా.

ఆ హాలు కొట్టేసి ఫ్లాట్లు కట్టారు. నాయనమ్మ పోయి ఆరేళ్లయింది. ఆ మోతకి అర్థమేంటో ఆవిడకి చివరిదాకా మేమెవరమూ చెప్పలేదు, చెప్పబుద్ధి కాలేదు. పోయినేడు నా పెళ్లిలో కారెన్ వైపు చుట్టాలు ప్లేట్లు మోగిస్తే, మావాళ్లందరి చూపూ వంటగది గుమ్మం వైపే వెళ్లింది. అక్కడెవరూ లేరు. ఆ మోత దేనికో మా అందరికన్నా బాగా తెలిసిన కారెన్ పిన్నే, చీర కొంగు దోపుకుని, పులిహోర గిన్నె ఎత్తుకుంది.