నలభై మూడో ఉత్తరం

దయ్యాన్ని చూశామని ఎవరైనా చెబితే నేను మూడే అడిగేవాణ్ణి. ఎన్ని గంటలకి? ఎన్ని అడుగుల దూరంలో? పక్కన ఎంతమంది ఉన్నారు? మూడింటికీ సరిగ్గా జవాబు చెప్పినవాడు నాకు తగల్లేదు. అందుకే ఏనాడూ నమ్మలేదు. ఇప్పుడు చెప్పేది నా అనుభవం కాబట్టి నా జవాబులు ముందే ఇస్తాను. మధ్యాహ్నం రెండున్నర. చేతికందే దూరం. ఇంట్లో నేనొక్కడినే.

మాది మార్టూరు దగ్గర ఊరు. నేను చదివింది ఐదో తరగతి. కల్లంలో ఆరబోసిన మిరపకాయల్ని చూసి ఎన్ని బస్తాలవుతాయో చెప్పడం నా పని. ఎవరూ నేర్పలేదు, చూసి చూసి పట్టుకున్నాను. నూటికి రెండు బస్తాలకు మించి తేడా రాదు. నా రాత కూడా అలా అబ్బిందే, బస్తాల మీద కుంచెతో గుర్తులు వేసి వేసి. అక్షరాలు ఒకదానికొకటి తగలకుండా విడివిడిగా నిలబడతాయి. కలం పట్టినా కుంచె పట్టినట్టే నొక్కుతాను. కాగితం వెనక తడిమితే వేలికి తెలుస్తుంది.

నా భార్య పద్మకి హైమ అని చిన్ననాటి స్నేహితురాలు ఉంది. తాడేపల్లిలో కాపురం. నెలకో రెండు నెలలకో ఒక ఇన్‌లాండ్ ఉత్తరం రాసేది. పద్మ వాటిని వంటింటి గుమ్మం పక్కన వేలాడే ఇనప తీగకి వచ్చినవి వచ్చినట్టు గుచ్చేది. కింద ఉన్నదాన్ని తియ్యాలంటే పైవన్నీ తియ్యాల్సిందే.

ఆ ఉత్తరాలంటే నాకు కడుపుమంట. రాసేది ఆడమనిషే, అయినా మంటే. పొయ్యి మీద పోపు మాడుతున్నా పద్మ కాగితం వదిలేది కాదు. ఒక్కోటి నాలుగుసార్లు చదివేది. చదువుతూ ఒకచోట ఆగి తనలో తను నవ్వుకునేది.

"అంతగా ఏం రాసిందేంటి?" అని ఒకసారి అడిగాను.

"వాళ్ళ గేదె ఈనిందంటండీ" అంది.

గేదె ఈనితే అంత నవ్వు దేనికో నాకు అర్థం కాలేదు.

తర్వాత ఇంటికి ఫోను వచ్చింది, ఉత్తరాలు ఆగిపోయాయి. పద్మ లేనప్పుడు తీగ దించి లెక్కపెట్టాను. నలభై రెండు. కొన్నాళ్ళకి మళ్ళీ లెక్కపెట్టాను. నలభై రెండే, అన్నీ హైమవే. ఇక పీడ వదిలిందనుకున్నాను. వదల్లేదు. ఫోనులో ఇద్దరూ గంటసేపు మాట్లాడుకున్నాక కూడా పద్మ వెళ్ళి పాత ఉత్తరం తీసుకుని కూర్చునేది. మాట్లాడింది గాలికి పోతుందట, రాసింది ఉంటుందట.

2006లో మిరప కోతలు సాగుతున్నాయి. పద్మ చేనుకి వెళ్ళిన రోజున, వాటిని పొయ్యిలో పెట్టేద్దామని తీగ దించాను. చెదలు పట్టాయని చెప్పొచ్చనుకున్నాను. అలవాటు కొద్దీ లెక్కపెడుతూ తీశాను. నలభై మూడు వచ్చాయి. మళ్ళీ లెక్కపెట్టినా నలభై మూడే.

ఎక్కువైన ఉత్తరం మధ్యలో, 1999లో వచ్చినవాటి నడుమ ఉంది. మిగతావాటిలాగే వెలిసిపోయింది. చిల్లు చుట్టూ తీగ తుప్పు అంటుకుంది. కనిగిరిలో మా మామగారి చిరునామా. చేతిరాత నాది. వెనక తడిమాను. వేలికి తెలిసింది.

ఆ ఏడు మాకు పుట్టిన బిడ్డ దక్కలేదు. పద్మ ఆస్పత్రి నుంచి నేరుగా కనిగిరిలో పుట్టింటికి వెళ్ళి మూడు నెలలు ఉంది. నేను ఒక్కసారి వెళ్ళి వచ్చాను. ఒక్క ఉత్తరం ముక్క కూడా రాయలేదు.

అందులో ఉన్నది ఇంతే: "పద్మా, ఆస్పత్రి వరండా నూట పద్దెనిమిది అడుగులు. నువ్వు లోపల ఉండగా అరవై నాలుగుసార్లు తిరిగాను. అప్పుడు నర్సు వచ్చి బిడ్డ లేదని చెప్పింది. నీ మొహం చూడటానికి భయం వేసి, ఇంకో నాలుగుసార్లు తిరిగి గానీ లోపలికి రాలేదు. ఆ నాలుగుసార్లకీ నన్ను క్షమించు."

ఆ అంకెలు నిజం. ఆ నాలుగుసార్ల సంగతి నేను దేవుడికి కూడా చెప్పుకోలేదు.

అక్కడే నేల మీద కూర్చుని అన్నీ మూడోసారి లెక్కపెట్టాను. పద్మ వచ్చేసరికి ఉత్తరాలన్నీ నా చుట్టూ పరుచుకుని ఉన్నాయి.

"ఏంటండీ ఇది? ఎన్ని బస్తాలవుతాయో చూద్దామని ఉత్తరాలు కూడా ఆరబోశారా?" అంది. నా చేతిలో ఉన్నది చూశాక గొంతు తగ్గింది. "ఓ, అదా."

"ఇది ఎక్కడిది?"

"బాగుంది! రాసిన మనిషే నన్ను అడగటం. మీరు కనిగిరి వచ్చి, మా నాన్నతో మిరపకాయల తేమ గురించి మాట్లాడి, నా వంకైనా చూడకుండా బస్సెక్కారు చూడండి, ఆ తర్వాత వారానికి వచ్చింది. ఇక మీ ఇంటికి రానని అప్పటికే అమ్మతో చెప్పేశాను. ఇది చదివాకేగా నేను గుడ్డలు సర్దుకుని వచ్చింది."

"నేను రాయలేదు పద్మా."

"అబ్బ, ఈ వయసులో సిగ్గేంటండీ!"

"దీన్ని ఎన్నిసార్లు చదివావు?"

"ఏమో. లెక్కపెట్టలేదు."

మా మామగారికి సంతకం తప్ప రాదు. హైమది గొలుసుకట్టు రాత. నేనే రాసి మరిచిపోయానా అంటే, వరండా అడుగులు మరవనివాడు ఉత్తరం మరుస్తాడా? ఫోను వచ్చాక నేను లెక్కపెట్టిన రెండుసార్లూ అది తీగ మీద లేదు. పద్మేమో కనిగిరి నుంచి వచ్చిన రోజే గుచ్చానంటుంది.

హైమ మీద మంట ఆ రోజే ఆరింది. ఇప్పుడు పద్మ ఆ ఒక్క ఉత్తరం చదువుకుని, తలెత్తి నా వంక చూసి నవ్వుతుంది. నేను కోరుకున్న నవ్వే. కానీ అది నాకు రావలసింది కాదని నాకు తెలుసు.

"అలాంటిది మళ్ళీ ఒక్కటి రాయకూడదూ" అని ఒకసారి అడిగింది. మూడు రోజులు కూర్చుని రాశాను. మార్టూరు వెళ్ళి పోస్టు డబ్బాలో వేశాను. అది వచ్చిన రోజు పద్మ గుమ్మంలోనే నిలబడి చదివింది, ఒక్కసారే.

"బాగానే ఉందండీ," అంది, "కానీ మీరు రాసినట్టు లేదు."

నలభై మూడోది ఎవరు రాశారో ఈనాటికీ తేల్చుకోలేకపోయాను. ఎవడైనా కానీ, నా కాపురం నిలిచింది వాడి చలవే. అయినా వాడంటే నాకు పడదు.