రాణి వేషం కుళ్ళాయమ్మ

కుళ్ళాయమ్మ మా అమ్మకు చిన్నమ్మ, నాకు అవ్వ. ధర్మవరంలో మా వీధి వాళ్ళు ఆమెను రాణి వేషం కుళ్ళాయమ్మ అనేవాళ్ళు. ఆ మాట చెవిన పడితే ఆమె మొహం తిప్పుకునేది. ఎందుకో నాకు పెళ్ళీడు వచ్చాక చెప్పింది.

ఆమె తండ్రి మగ్గం నేసేవాడు. ఆమెకు పదేళ్ళప్పుడే పోయాడు. తల్లి రంగనాయకమ్మ, తనూ కలిసి పట్టు దారం కండెలకు చుట్టి బతికేవాళ్ళు. రాట్నం తిప్పుతూ ఆమె పాడుతుంటే పక్కింట్లో మగ్గం చప్పుడు ఆగేదట. 1934లో హిందూపురం నాటకాల కంపెనీ ధర్మవరం వచ్చింది. యజమాని హనుమప్ప ఆ వీధిన పోతూ పాట విని గుమ్మం ముందు నిలబడిపోయాడు.

"ఏమమ్మా, పాపను మా కంపెనీకి పంపుతావా? టాకీలు చూసినప్పటి సంది జనం నిజమైన ఆడమనిషే కావాలంటాండారు."

"పంపితే నేనూ వస్తా. పాప నా కండ్ల ముందరే ఉండల్ల," అంది రంగనాయకమ్మ.

బంధువులు వచ్చి అరిచారు. నాటకాలకు పోతే మళ్ళీ ఈ వీధిలో అడుగు పెట్టొద్దన్నారు. తల్లీకూతుళ్ళు రాట్నం పక్కింటికిచ్చి రైలెక్కేశారు.

అప్పటిదాకా ఆ కంపెనీలో రాణి వేషం గంగాధరది. గాండ్లపెంట మనిషి, ముప్పై రెండేళ్ళవాడు. వేషాల కోసమే నడుము దాకా జుట్టు పెంచాడు. పెనుకొండలో ఆడవాళ్ళు ఆయన చీరకట్టు చూసి అట్లా కట్టుకోవాలని తంటాలు పడేవాళ్ళట. హనుమప్ప ఆయన్ని పిలిచి, "గంగాధరా, ఈ పాపకు అంతా నేర్పప్పా," అన్నాడు. ఆయన సరేనన్నాడు.

"నాకు పదిహేడేండ్లు. నాకు నేర్పడమంటే తన నోటికాడి కూడు తీసి నాకు పెట్టడమని తెలీలేదు. ఆయనకు తెలుసు," అనేది అవ్వ.

తెల్లవారుజామున లేపి హార్మోనియం ముందు కూర్చోబెట్టేవాడు. నడక, చూపు, కొంగు సర్దుకోవడం, అన్నీ ఆయన నేర్పినవే. ఏడుపు మాత్రం ఎంతకీ రాలేదు. "ఏడుపు గొంతులో పెట్టుకుంటే పాట పాడయితాది పాపా. చేతుల్లో పెట్టుకో. నీ చేతులు ఏడిస్తే జనం ఏడుస్తారు," అన్నాడు. ఆమె ఆయన్ని అన్నా అని పిలిచేది.

పెనుకొండలో మొదటి ఆట. కరపత్రాల మీద ఆయన పేరున్న చోట ఆమె పేరు వేశారు. ఆయనే ఆమెకు జడవేసి, ముక్కెర పెట్టి, స్టేజీ మీదికి పంపాడు. జనం ఒకే పాట మూడుసార్లు పాడించుకున్నారు. ఆ తర్వాత గంగాధరకు చెలికత్తె వేషం మిగిలింది.

రెండేళ్ళకు మడకశిరలో ఆట. రాణి పక్కన చెలికత్తె మాట మొదలుపెట్టగానే ముందు వరసలో ఒకడు లేచాడు.

"ఏమప్పా, గడ్డం గీక్కోని వచ్చినావా? పక్కకు పో, ఆయమ్మను చూడనీ!"

జనమంతా గొల్లుమన్నారు. గంగాధర మాట మధ్యలో ఆగి ఆమె వైపు చూశాడు. రాణి కదా, 'దగ్గరికి రా చెలీ' అంటే చాలు, ఆట సాగిపోయేది. ఆమె అనలేదు. పైగా జనంతో పాటు నవ్వింది.

పొద్దున చూస్తే ఆయన లేడు. వేషాల పెట్టెలో, మడతపెట్టిన చీరల మీద, కోసిన జుట్టు చుట్టగా పెట్టి ఉంది. హనుమప్ప దాన్ని సవరం చేయించాడు. ఆరేళ్ళు ఆమె ఆ సవరం పెట్టుకునే రాణి అయింది.

ఆ ఆరేళ్ళు బాగా జరిగాయి. 1939లో బెంగుళూరు పోయి గ్రామఫోను ప్లేటుకు పాట పాడి వచ్చింది. పెనుకొండ పెద్దలు బంగారు పతకం వేశారు. ఏ ఊరు పోయినా ఆమె మొదట గంగాధరను అడిగేది. ఎవరూ జాడ చెప్పలేదు. ఆఖరికి గాండ్లపెంటకు జాబు రాయించినా జవాబు లేదు. యుద్ధం వచ్చి కిరసనాయిలు దొరక్క, దీపాలు లేక, 1942లో కంపెనీ మూతపడింది. మరుసటేడు తల్లి పోయింది. ఆమె ధర్మవరం తిరిగొచ్చి పిల్లలకు హార్మోనియం నేర్పుకుంటూ ఉండిపోయింది.

1944లో శెనక్కాయల వ్యాపారి రామప్ప చెప్పాడు, గంగాధర గాండ్లపెంటలోనే, అక్క ఇంట్లో ఉన్నాడని. ఆమె మరునాడే బస్సెక్కింది.

ఆయన వాకిట్లో శెనక్కాయలు వలుస్తున్నాడు. దగ్గుతో గొంతు పోయింది. తల ఎత్తి చూసి, "ప్లేటులో నీ పాట విన్నా. కదిరిలో హోటల్ ముందర నిలబడి," అన్నాడు.

"బాగుండాదా అన్నా?"

"రెండో చరణంలో తొందరపడినావు."

ఆమె ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది. "మడకశిరలో నేను నవ్వినా అన్నా. తప్పయిపోయింది."

ఆయన ఇంకో గుప్పెడు కాయలు దగ్గరికి లాక్కున్నాడు. "జనం నవ్వితే నేను పోయేటోన్ని కాదు పాపా. వాళ్ళు పన్నెండేండ్లు నవ్వినారు," అన్నాడు.

అక్క కదిరమ్మ అన్నం పెట్టింది. ఆయన రంగనాయకమ్మ ఎట్లా పోయిందో అడిగి తెలుసుకున్నాడు. బయలుదేరేముందు ఆమె, "నాతో రా అన్నా. నేను చూసుకుంటా," అంది.

"వద్దు. నిన్ను చూస్తాంటే నాకు ఆ దినాలే గ్యాపకమొస్తాయి. నువ్వు ఇంగ రావద్దు పాపా." కోపంగా అనలేదట. బస్సు దాకా కదిరమ్మే వచ్చింది.

ఆమె మళ్ళీ పోలేదు. రామప్ప చేత ఒక కంబళి పంపింది, అంతే. మరుసటేడు వానలప్పుడు ఆయన పోయాడు. కబురు పదిరోజులకు అందింది. 1947లో హిందూపురంలో కొత్త కంపెనీ పెట్టినవాళ్ళు ఇంటికొచ్చి అడిగితే, గొంతు పోయిందని చెప్పి పంపేసింది. అది అబద్ధం. పిల్లలకు నేర్పేటప్పుడు ఆ గొంతు ఎట్లుండేదో మా అమ్మకు తెలుసు.

ఇదంతా విన్నాక నేనన్నాను, "అప్పుడు నువ్వు చిన్నపిల్లవు కదవ్వా. ఆయన మన్నించే ఉంటాడు."

"లేదు పాపా," అంది కుళ్ళాయమ్మ. "మన్నించింటే మళ్ళా రమ్మనేవాడు."