ముందు సీట్లలో మేళం

రాజమండ్రిలో నాకు ఇప్పటికీ ఒక పేరుంది. సన్నాయి మేళం వాళ్ళను విమానంలో అందరికన్నా ముందు సీట్లలో కూర్చోబెట్టి, మెడలో దండలు వేయించి ఢిల్లీలో దింపిన మనిషినని. రేవు దగ్గర టీ తాగుతుంటే కూడా ఎవరో ఒకరు నన్ను పక్కవాళ్ళకు చూపించి ఆ సంగతి చెబుతారు. ఇన్నేళ్ళూ నేను తల కాస్త వంచి, చిన్నగా నవ్వి, టీ పూర్తి చేసి వెళ్ళిపోయాను. ఆ నవ్వు పచ్చి అబద్ధం. అసలు జరిగిందేమిటో రాసేస్తే గాని నాకు నిద్ర పట్టేలా లేదు.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులు. ప్రభుత్వ విమాన సంస్థకు రాజమండ్రిలో ఒక టిక్కెట్ల ఆఫీసు ఉండేది. మిఠాయి కొట్టు పైన రెండు గదులు. నేనందులో సేల్స్ అసిస్టెంటును. విమానం ఎక్కాలంటే విశాఖపట్నం వెళ్ళాలి, టిక్కెట్టు కొనాలంటే మా మెట్లెక్కాలి. మెట్లెక్కేవాళ్ళలో సగం మంది కింద కాజాలు కొనడానికి వచ్చి దారి తప్పినవాళ్ళు.

అప్పటికే ప్రైవేటు విమానాలు వచ్చేశాయి. వాళ్ళు ఎక్కగానే వేడి తువ్వాలు ఇస్తారు. సీటుకో చిన్న టీవీ పెడతారు. మా విమానాల్లో సీటు ఒకసారి వెనక్కి వాలిందంటే ఆ ప్రయాణానికి ఇక లేవదు. మా కాఫీ గురించి ఏమీ అనను, ఆ సంస్థ జీతం తిన్నవాణ్ణి. మామూలు టిక్కెట్లు కొనేవాళ్ళు ఎలాగో వస్తూనే ఉన్నారు. బిజినెస్ క్లాసు, అంటే ముందుండే ఎనిమిది ఖరీదైన సీట్లు మాత్రం ఖాళీగా ఎగురుతున్నాయి. భీమవరం వైపు రొయ్యల చెరువులున్న పెద్దవాళ్ళు, ఒకప్పుడు మా ముందు సీట్లలోనే వెళ్ళినవాళ్ళు, ఒక్కొక్కరే అటు జారిపోయారు.

ఒకరోజు పైనుంచి కబురు వచ్చింది. ఆరు నెలల్లో ముందు సీట్ల అమ్మకం పెరగకపోతే రాజమండ్రి ఆఫీసు మూసేస్తారు. నాకు పెద్ద బెంగ లేదు. పెళ్ళి కాలేదు, ఎక్కడ పడేసినా ఒకటే. బెంగంతా మేనేజరు గారిది. ఆయన భార్య రాజమండ్రిలోనే బళ్ళో లెక్కల టీచరు. పెళ్ళయినప్పటి నుంచి ఆవిడ ఈ ఊళ్ళో, ఆయన బొంబాయిలోనో కలకత్తాలోనో. సెలవులకు కలుసుకునే కాపురం. ఎవరెవరినో బతిమాలుకుని ఆయన ఈ ఊరికి వచ్చి రెండేళ్ళే అయింది. ఆఫీసు మూస్తే ఆయన్ని గౌహతి పంపుతారని అప్పుడే అనుకుంటున్నారు.

"ఏవయ్యా, ఈ ముసలాడికి మళ్ళీ మెస్సు భోజనం రాసిపెట్టి ఉందంటావా?" అన్నారాయన.

"నేనుండగా మీకా గతి పట్టనివ్వనండి" అన్నాను. సినిమాల్లో ఇలాంటి మాట అన్నవాడు రెండో సగంలో ఏదో ఒకటి చేస్తాడు. నేనూ చేశాను.

నా సిద్ధాంతం ఇది. టీవీలతో, తువ్వాళ్ళతో మనం పోటీ పడలేం. మన దగ్గర ఉన్నది మర్యాద. గోదావరి జిల్లావాడికి మర్యాద చేయడం ఒకడు నేర్పాలా? ముందు సీట్లో కూర్చున్నవాణ్ణి మగపెళ్ళివారిలా చూసుకుంటే చచ్చినా ప్రైవేటు విమానం ఎక్కడు. ఇదంతా చేతులూపుతూ మేనేజరు గారికి చెప్పాను. ఆయన అంతా విని, "పెద్దాయన్ని అడిగి చూడకూడదటయ్యా, ఎందుకు మానేశారో?" అన్నారు.

పెద్దాయనంటే భీమవరం దగ్గర ఊళ్ళో పెద్ద రైతు, ఒకప్పుడు మా ముందు సీట్లకు ప్రాణం. ఆయన మాట విని ఆ చుట్టుపక్కల పది కుటుంబాలు విమానం మారతాయి. అడగడం నాకు చిన్నతనంగా తోచింది. జబ్బేమిటో రోగిని అడిగి తెలుసుకునే డాక్టరు ఏం డాక్టరు?

సరిగ్గా అప్పుడే పెద్దాయన మనవడికి ఢిల్లీ సంబంధం కుదిరింది. పెళ్ళి ఢిల్లీలో. తరలి వెళ్ళేవాళ్ళు ముప్పై మంది దాకా ఉన్నారు. ఇక్కణ్ణుంచే సన్నాయి మేళం, వంటాయన కూడా. ఆడపెళ్ళివారు ఢిల్లీలో స్థిరపడ్డవాళ్ళు, టిక్కెట్లు వాళ్ళవే. నేను ఫోన్ల మీద ఫోన్లు చేసి, ఎనిమిది ముందు సీట్లూ, మిగతావాళ్ళకు మామూలు సీట్లూ అంటగట్టాను. ఆ ఎనిమిదింట్లో ఎవరు కూర్చోవాలో కూడా నేనే నిర్ణయించాను. పెళ్ళికొడుకు, తల్లీ తండ్రీ, పెద్దాయన దంపతులు, పెదనాన్న దంపతులు, మేనమామ. నా లౌక్యానికి నేనే మురిసిపోయాను. ఢిల్లీలో మా వాళ్ళకు ముందే చెప్పి ఉంచాను: ముందు తలుపులోంచి మొదట దిగే ఎనిమిది మందీ మహా ముఖ్యులు, దండలు వేయండి, ఫొటో తీయించండి.

ప్రయాణం రోజున వాళ్ళ బస్సు రాజమండ్రిలో నన్ను ఎక్కించుకుంది. తునిలో ఇడ్లీలు తిన్నాం. బస్సంతా ఒకటే గోల, నవ్వులు. పెద్దాయన పెద్దల్లుడు, అంటే పెళ్ళికొడుకు మేనత్త భర్త, నాకు బలవంతాన ఇంకో రెండు ఇడ్లీలు వేయించాడు.

"కొత్త అల్లుళ్ళా అలా మొహమాటపడతారేంటండీ? తినండి, మీ విమానంలో ఏం పెడతారో ఏంటో!"

"మీరే చూస్తారుగా అండి" అన్నాను. చూశాడు.

విమానం లేచింది. నేను ఉద్యోగుల పాసు మీద చిట్టచివరి వరసలో ఉన్నాను. సీటు బెల్టుల దీపం ఆరగానే ఎయిర్‌హోస్టెస్ వచ్చి ముందు సీట్లకూ వెనక సీట్లకూ మధ్య తెర లాగింది. అది అన్ని విమానాల్లోనూ లాగేదే. కాసేపటికి తెర అవతల పింగాణీ పళ్ళేల చప్పుడు, వేడి వేడి కూర వాసన. ఇవతల అట్టపెట్టెలు పంచారు. అందులో ఒక బన్ను, చల్లారిన కట్లెట్టు.

పెద్దల్లుడు పెట్టె మూత తీసి చూశాడు. మళ్ళీ మూసేశాడు.

"వద్దమ్మా. నాకు ఆకలి లేదు."

పెళ్ళి ప్రయాణంలో ఇంటల్లుడు ఆకలి లేదన్నాడంటే ఏమిటో మా జిల్లాల్లో చిన్నపిల్లకైనా తెలుసు. ఆ వరసంతా పెట్టెలు మూసింది. తర్వాత దాని వెనక వరస. అలా మూతలు పడుతూ నా వరస దాకా వచ్చాయి. అప్పటికే నేను కట్లెట్టు కొరికి ఉన్నాను.

పెద్దల్లుడి భార్య విసురుగా లేచి, తెర తీసుకుని తండ్రి దగ్గరికి వెళ్ళబోయింది. ఎయిర్‌హోస్టెస్ పాపం మర్యాదగానే ఆపింది. "మేడం, మీ బాత్‌రూమ్ వెనక వైపండి."

"బాత్‌రూమా! మా నాన్నతో మాట్లాడాలంటే నీ పర్మిషనేంటమ్మా?"

ఆ గొంతు విని పెద్దాయన తానే తెర తప్పించుకుని ఇవతలికి వచ్చారు. మూసి ఉన్న పెట్టెలు చూశారు. అల్లుణ్ణి చూశారు. అల్లుడు కిటికీలోంచి మేఘాలను లెక్కపెడుతున్నాడు.

"ఆ గుడ్డ ఎందుకు కట్టారమ్మా?" అని అడిగారు.

"రూల్ సర్."

"అల్లుడు ఇటు, నేను అటు, మధ్యన గుడ్డ. మేవేవన్నా మైలలో ఉన్నావా?" తర్వాత గొంతు పెంచారు. "ఇదెవరి తెలివి?"

ముప్పై వేళ్ళు నా వైపు తిరిగాయి. నేను లేచి నిలబడ్డాను. నా చేతిలో ఇంకా ఆ కట్లెట్టు ఉంది.

"నాదేనండి."

"మీరూ ఈ జిల్లావాళ్ళేగా? మీ ఇంట్లో పెళ్ళికి ఇలాగే వడ్డిస్తారేంటి? ఒకే బంతిలో ముందు కూర్చున్నవాళ్ళకి నేతి గారెలూ, వెనకవాళ్ళకి మరమరాలూనా?"

"లేదండి. అంటే... అల్లుడు గారిని కూడా ముందుకి పిలుద్దావండి."

"పిలిస్తే రెండో అల్లుడు ఏం పాపం చేశాడు? మా తోడల్లుడేం చేశాడు? నా తమ్ముడు నీకు కనబడలేదా?"

నాకు అప్పుడు తట్టింది. నేను మర్యాద చేస్తున్నాననుకుంటూ, ఒకే బంతిని తెర కట్టి రెండు ముక్కలు చేశాను. మా వైపు భోజనాల దగ్గర ఒక విస్తట్లో లడ్డు వేసి పక్క విస్తట్లో వేయకపోతే లేచి వెళ్ళిపోతారు. ఆకాశంలో లేచి వెళ్ళడానికి చోటు లేదు కాబట్టి నేను బతికిపోయాను.

పెద్దాయన రెండు నిమిషాల్లో తేల్చేశారు. ముందున్న ఎనిమిది మందీ వెనక్కి వచ్చేశారు. వాళ్ళకు వెనక చోటు కావాలి గనక అక్కడున్న ఎనిమిది మంది ముందుకు వెళ్ళాలి. చుట్టాల్లో ఎవరు వెళ్ళినా మళ్ళీ గొడవే. పెళ్ళి బృందంలో చుట్టరికం లేనివాళ్ళు మేళం వాళ్ళూ, వంటాయనా, అతని మనుషులూ. వాళ్ళు వెళ్ళారు. పెద్ద ఎయిర్‌హోస్టెస్ కాసేపు నసిగి, టిక్కెట్లన్నీ ఒక్క ఇంటివే కదా అని ఊరుకుంది. డోలును ఒక సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టారు. డోలాయన వంటాయన సీటు చేతి మీద సర్దుకున్నాడు.

సన్నాయి ఆయన వేడి తువ్వాలుతో మొహం తుడుచుకుని నన్ను పిలిచాడు. అవునండి, మా వాళ్ళూ తువ్వాళ్ళు మొదలుపెట్టారు, నాకే తెలియదు. "బాబుగారూ, ఇంత మర్యాద ఊరికే చెయ్యరు గదండి. ఇక్కడే వాయించాలాండి?"

"వద్దు మహాప్రభో" అన్నాను.

వెనక పెద్దాయన అల్లుడి పెట్టెలోంచి బన్ను తుంచి నోట్లో పెట్టుకున్నారు. తర్వాత అల్లుడు తిన్నాడు. తర్వాత అందరూ తిన్నారు. చల్లారిన కట్లెట్టును అంత ఇష్టంగా తిన్న ముప్పై మందిని నేను మళ్ళీ చూడలేదు.

ఢిల్లీలో ముందు తలుపు తెరిచారు. మా వాళ్ళు నేను చెప్పింది చెప్పినట్టు చేశారు. మొదట దిగిన ఎనిమిది మందికీ దండలు వేశారు, ఫొటో తీయించారు. మధ్యలో సన్నాయి ఆయన, పక్కన వంటాయన. వారం తిరిగేసరికి ఆ ఫొటో పేపర్లో వచ్చింది, విమాన సంస్థ కళాకారులను సన్మానించిందని. ఊళ్ళో నా పేరు మారుమోగింది.

పెళ్ళయి వచ్చాక పెద్దాయన మా మెట్లెక్కారు. కోపం లేదు. మేనేజరు గారితో నెమ్మదిగా మాట్లాడారు.

"ఏవండీ, నాకు పళ్ళేలూ వద్దు, దండలూ వద్దు. విశాఖపట్నం ఇంత దూరం. ప్రైవేటు వాళ్ళు విమానం లేటయితే తెల్లారుజామునే ఫోన్ చేసి చెబుతారు. మీవాళ్ళు మేం అక్కడికి వెళ్ళాక చెబుతారు, అది కూడా 'వచ్చేస్తోందండి, వచ్చేస్తోందండి' అంటా. నేను అందుకే మానేశాను. ఆ ఫోనొక్కటి చెయ్యండి, నేనూ వస్తా, మావాళ్ళూ వస్తారు."

మేనేజరు గారు ఆ మాటే పైవాళ్ళకు చెప్పాలనుకున్నారు. హైదరాబాదు మీటింగులో మాట్లాడాల్సింది ఆయనే. కానీ అక్కడ పెద్దవాళ్ళు ఫొటో చూసి ఉన్నారు, నన్ను లేపారు. నేను లేచాను. ముందు సీట్లన్నీ నిండాయని చెప్పాను. అది నిజం. పెళ్ళివారి పథకం అని పేరు పెట్టాను. డెల్టాలో పెళ్ళి లేని నెల ఉండదన్నాను. తెర సంగతి చెప్పలేదు. ఫోను సంగతి చెప్పలేదు. నేను చెప్పాక ఫోను మాట ఎత్తడానికి మేనేజరు గారు రెండుసార్లు చెయ్యెత్తారు. చప్పట్లలో ఎవరూ చూడలేదు. నేను చూశాను.

నా మాట నమ్మి పైవాళ్ళు రాజమండ్రికి పెద్ద లక్ష్యం పెట్టారు. డెల్టాలో పెళ్ళివారెవరూ ఆ సీట్ల జోలికి రాలేదు. ఆ తెర కథ భీమవరం వైపు అందరికీ తెలుసు. తెలియంది ఫొటో మాత్రమే చూసిన రాజమండ్రికీ, హైదరాబాదుకీ. ఆరు నెలలకు ఆఫీసు మూశారు. బంగారం లాంటి పథకాన్ని అమలు చేయలేకపోయారని మేనేజరు గారిని గౌహతి పంపారు. పథకం కనిపెట్టినందుకు నన్ను హైదరాబాదుకు ప్రమోషను మీద తీసుకెళ్ళారు. రైలెక్కించడానికి ఆయనే స్టేషనుకు వచ్చారు.

ఈ మధ్య రాజమండ్రి వచ్చినప్పుడు మేనేజరు గారింటికి వెళ్ళాను. ఆయన రిటైరయి ఇక్కడే ఉంటున్నారు. నేను మొదలుపెట్టేలోగానే ఆయన చెయ్యి ఊపేశారు.

"పోనిద్దూ. నేను మాత్రం చివరిదాకా పట్టుబట్టానా ఏంటి? నాకూ ఆ చప్పట్లు బాగానే వినిపించాయి."

ఆయన భార్య కాఫీ తెచ్చి నా ముందు పెట్టి, నిలబడే అన్నారు. "ఆయన పోనిస్తారండి. ఎనిమిదేళ్ళు నేను ఇక్కడ, ఆయన అక్కడ. నేను పోనివ్వను. మీరు ఇంటికొచ్చి ఆయన చెవిలో చెబితే సరిపోతుందా? ఊరంతా మిమ్మల్ని మెచ్చుకుంటోంది. చెప్పాల్సింది ఊరికి కదండీ."

అందుకే ఇది రాశాను. అచ్చుకు ఇచ్చేముందు ఆవిడకు ఫోనులో మొత్తం చదివి వినిపించాను. లెక్కల టీచరు కదా, తప్పులు వెతుకుతూ చివరిదాకా విన్నారు.

"తప్పులేమైనా ఉన్నాయాండి?" అని అడిగాను.

"తప్పులేం లేవు" అన్నారావిడ. "కానీ ఇందులో కూడా మీరు కాస్త ముచ్చటగానే కనబడుతున్నారండి. నవ్వించారు. ఆ గౌహతి దగ్గర నాకేం నవ్వు రాలేదు."

ఎక్కడ ముచ్చటగా ఉన్నానో వెతికి రెండు పేరాలు కొట్టేశాను. మిగిలింది ఇదీ.