జాడ లేని నేరేడు పండు

2022, నేరేడు పండ్ల కాలం. మదనపల్లెలో ఆఫీసు పెట్టుకున్న ఒక పరిశోధన ప్రాజెక్టులో నేను ఫీల్డ్ నర్సుని. ఒప్పుకున్నవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, నా ఎదురుగా నేరేడు పండ్లు తినిపించి, రక్తం, మూత్రం శాంపిల్స్ తెచ్చేదాన్ని. పండ్లకు రంగూ వగరూ ఇచ్చే పదార్థాల్లో ఫ్లేవనాయిడ్స్ ఒక రకం. వాటిలో చాలా భాగం అరగకుండా పెద్దపేగు దాకా పోతుంది. అక్కడి బ్యాక్టీరియా వాటిని చిన్న ముక్కలుగా విరుస్తాయి. ఆ ముక్కలే మెటబొలైట్స్. అవి రక్తంలో కలిసి రక్తనాళాల బిగువు తగ్గిస్తాయా, గుండెకు మేలు చేస్తాయా అన్నదే మా ప్రాజెక్టు.

పుంగనూరు పక్క పల్లెలో గంగులమ్మ అనే ఆమె శాంపిల్ ఇచ్చింది. (పేర్లు మార్చాను.) యాభై దాటినా బీపీ లేదు. తర్వాతి వారం కుప్పంలో ఒక ఇంటి తలుపు తడితే, తీసింది గంగులమ్మే! అదే ముఖం, అదే గొంతు, బొటనవేలితో మణికట్టు రుద్దుకునే అదే అలవాటు. నేను గడప దగ్గరే నిలబడిపోయాను.

"మా గంగుల్ని సూసి వస్తాండావా తల్లీ? దాన్ని సూసినోళ్ళంతా ఇట్లే నిలబడిపోతారు" అని నవ్వింది. ఆమె గంగులమ్మ కవల చెల్లెలు మునెమ్మ. ఏళ్ళుగా బీపీ మాత్రలు వాడుతోంది.

రిపోర్టులు వచ్చాయి. అక్క శాంపిల్‌లో మెటబొలైట్స్ నిండుగా ఉన్నాయి. చెల్లెలి శాంపిల్‌లో దాదాపు ఏమీ లేవు. ఆమె తింటుంటే నాలుక ఊదారంగుకు తిరగడం నేను కళ్ళారా చూశాను. శాంపిల్స్ తారుమారయ్యాయేమోనని మళ్ళీ పండ్లు పెట్టి, మళ్ళీ తీశాం. నాలుక మళ్ళీ ఊదాగా మారింది. మూత్రంలో పండు జాడ మళ్ళీ లేదు.

మునెమ్మకు అంతకుముందు పెద్ద జబ్బు చేసి చాలాకాలం యాంటీబయాటిక్స్ వాడారు. పండును విరిచే బ్యాక్టీరియా అప్పుడు పోయి ఉండవచ్చని మా ప్రాజెక్టు డాక్టరమ్మ అంది. ఒకే అచ్చున పుట్టిన కవలల పేగుల్లో కూడా ఒకే బ్యాక్టీరియా ఉండవట. అంతకుమించి ఆమెకూ తెలియదు.

తన శాంపిల్‌లో పండు జాడ లేదని మునెమ్మకు మేం అప్పటికే చెప్పాం. తన రిపోర్టు బాగుందని గంగులమ్మ సంబరంగా చెల్లెలికి ఫోన్ చేసి చెప్పింది. నేను మళ్ళీ కుప్పం వెళ్ళేసరికి మునెమ్మ ఇంటి కిటికీలన్నీ మూసి ఉన్నాయి. అక్క పంపిన నేరేడు పండ్లు వాకిట్లో బుట్టలోనే కుళ్ళుతున్నాయి.

"నేను తినింది యాడికి పోతాండాదమ్మా?" అని గుసగుసగా అడిగింది. "చిన్నప్పుడు నేను జొరమొచ్చి పడుకుంటే, గంగులు లేసి ఆడుకొంటాండె అని మా అవ్వ చెప్పేది. నేను నమలతాండాను, అది బతకతాండాది."

బీపీ చూశాను. ప్రమాదకరంగా పెరిగి ఉంది. "మాత్ర ఏసుకుంటాండారా?" అన్నాను.

"అదీ దాని ఒంట్లోకే పోతాంటే, నేను యాల మింగల్ల?"

ఆ మాట అంటుండగానే ఆమె చేతిలోని గ్లాసు జారి పడింది. చెయ్యి మొద్దుబారింది, మాట తడబడింది. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాను. కాసేపటికి సర్దుకుంది కానీ, అది పక్షవాతానికి ముందు హెచ్చరిక అని, మాత్రలు మానితే ఈసారి దక్కదని డాక్టర్లు చెప్పారు.

ఇంటికొచ్చాక కూడా ఆమె మాత్ర వేసుకోలేదు. మాత్రను ఒంట పట్టించడానికి ఆ బ్యాక్టీరియాతో పనిలేదని ఎంత చెప్పినా వినలేదు. చివరికి గంగులమ్మను పిలిపించాను.

"నేను ఈడ్నే ఉంటాను. మాత్ర నువ్వు మింగు. ఇద్దరి బీపీ సూడనీ. నాకు తగ్గిందంటే నేనే దొంగ" అంది గంగులమ్మ.

మునెమ్మ అక్క కళ్ళలోకి చూస్తూ మాత్ర మింగింది. ఆ వారం కుప్పంలోనే ఉండి, రోజూ ఇద్దరి చేతులూ పక్కపక్కనే పెట్టించి బీపీ చూసేదాన్ని. పేరు అడగకపోతే ఏ చెయ్యి ఎవరిదో నాకే తెలిసేది కాదు. వారం తిరిగేసరికి మునెమ్మ బీపీ దిగింది. గంగులమ్మది కదల్లేదు.

మునెమ్మ అక్క చెయ్యి పట్టుకుని, "నీకు పోలేదే!" అని ఏడ్చింది.

ఆమె మళ్ళీ మాత్ర మానలేదు. పండు సంగతి మాత్రం తేలలేదు. ఒకే తిండి రెండు ఒళ్ళల్లో ఒకేలా మారదని ఆ ఇద్దరి దగ్గరే తెలుసుకున్నాను. ఇప్పుడు ఎవరైనా "ఇది గుండెకు మంచిదా సిస్టర్?" అని అడిగితే, "చాలామందికి మంచిదే" అంటాను. "మీకు మంచిది" అని మాత్రం అనలేను.