ఏడో కుర్చీ మేజోళ్లు

ఆ నర్సుకు ఉన్నది ఒకే ఒక్క జబ్బు: "నేను బాగానే ఉన్నాను" అని ఎవరు చెప్పినా నమ్మదు. రోగి చెప్పినా నమ్మదు, డాక్టరు చెప్పినా నమ్మదు. ఆసుపత్రిలో అందరూ ఆమెను అనుమానాల సిస్టర్ అనేవారు. ఎదురుగానే అనేవారు. అది తిట్టా పొగడ్తా అన్నది కూడా ఆమెకు అనుమానమే.

మందు ఎక్కించే హాల్లో పది కుర్చీలుండేవి. మందు ఎక్కేటప్పుడు రోగికి హాయిగా ఉందా, ధైర్యంగా ఉందా అని సిస్టర్ పరిశోధన చేసేది. దానికి ఆఫీసువాళ్లు ఒక కాగితం అచ్చేసి ఇచ్చారు: మీ ధైర్యానికి పదికి ఎన్ని మార్కులు? మొదటి నెల అందరూ పదికి పది వేసుకున్నారు. ఇంతమంది వీరులను కుర్చీల్లో పడుకోబెట్టడం దండగ, యుద్ధానికి పంపమని చెప్పి, ఆమె ఆ కట్టను బీరువాలో పడేసింది. ఆ రోజు నుంచి ముఖాలు వదిలేసి పాదాలు చూసి, ఒక నీలం పుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టింది. నోరు కోతలు కోస్తుందట, ముఖమూ కోస్తుందట, కాలి వేళ్లకు మాత్రం ఆ విద్య రాదట. భయమేస్తే చటుక్కున లోపలికి ముడుచుకుంటాయట.

ఇక అక్కడ ఎవరి కాళ్లకూ మర్యాద మిగల్లేదు. పెద్ద డాక్టరుగారు రౌండ్లకు వస్తే, ఆయన చెప్పుల వంక తేరిపార చూసి, ఇంట్లో ఏమైనా గొడవ జరిగిందా సార్ అని అడిగింది. అబ్బే, ఏమీ లేదన్నాడాయన. మర్నాటి నుంచి బూట్లు వేసుకొచ్చాడు.

ఏడో కుర్చీ కుట్టుపని పిన్నిది. నలభై ఏళ్లు మిషను తొక్కిన మనిషి. వీధిలో సగంమంది ఒంటిమీది బట్ట ఆమె చేతిదే. మూడు వారాలకోసారి చొప్పున ఎనిమిదిసార్లు మందు ఎక్కించుకోవాలి, నాలుగు అయ్యాయి. ఐదోదానితో సరి, ఆపైన చచ్చినా రానని లోలోపల తేల్చేసుకుంది. కట్టుకున్నవాడికి కూడా చెప్పలేదు. ఆమె భయం మందుకు కాదు, చేతికి గుచ్చే సూదికి. బతుకంతా సూదితోనే పొట్టపోసుకున్న మనిషి సూదికి వణికిందంటే వీధిలో తలెత్తుకోవడం ఎలా?

అందుకే సిస్టర్‌కు పిన్ని మీద ఎంత అనుమానమో, పిన్నికి సిస్టర్ మీద అంతకు రెండింతలు. ఈవిడకు నా కాళ్లతో పనేమిటి? ఆ నీలం పుస్తకంలో ఏం గీకుతోంది? ఆలోచించి ఆలోచించి, మార్కులే వేస్తోందని తేల్చుకుంది. పరీక్ష తప్పితే ఇంటాయన్ను పిలిచి చెప్పేస్తారు. ఇంకేముంది, మూడోసారికి తానే అల్లిన మందపాటి మేజోళ్లు తొడుక్కొచ్చింది. మండుటెండల్లో.

"చలా పిన్నిగారూ?"

"చలే."

"ఫ్యాను పెంచమని మీరేగా అన్నారు."

"ఫ్యాను తలకి. చలి కాళ్లకి."

సిస్టర్ ఆ మేజోళ్లను దొంగసొత్తును చూసినట్టు చూసి, పుస్తకంలో పావు పేజీ రాసుకుంది. పిన్నికి ఒళ్లు మండింది.

ఐదోసారి సిస్టర్ చేతులు కడుక్కోవడానికి వెళ్తూ పుస్తకాన్ని స్టూలు మీద వదిలేసింది. ఎలాగూ ఇదే ఆఖరు, ఎన్ని మార్కులొచ్చాయో చూసి పోదామని పిన్ని తెరిచింది. అందులో ఒక్క మార్కూ లేదు.

మూడో కుర్చీ: గడియారం ఎదురుగా వద్దు, నిమిషాలు లెక్కపెట్టుకుంటాడు. తొమ్మిదో కుర్చీ: కోడలి ఊసెత్తితే నొప్పి ఊసు మరచిపోతుంది. ఏడో కుర్చీ: మేజోళ్లు విప్పమనవద్దు. సూదుల పళ్లెం కంటపడకుండా వెనక పెట్టాలి. ఎందుకని అడగకూడదు, రోషం గల మనిషి. ఈసారి ఆమె సరే అనేదాకా గుచ్చకూడదు.

నిజమే, మూడోసారి తర్వాత ఆ పళ్లెం పిన్ని కంటపడలేదు. తన అదృష్టం అనుకుందే తప్ప, ఒకరి పనితనం అనుకోలేదు.

సిస్టర్ తిరిగొచ్చి, తలకిందులుగా పడున్న పుస్తకాన్ని చూసి కూడా చూడనట్టే ఊరుకుంది. పిన్ని చేతికి వేడిగుడ్డ చుట్టి, మీరెప్పుడు సరే అంటే అప్పుడే, అందాకా ఇక్కడే కూర్చుంటానని చెప్పింది. పిన్ని సూదిని చూడలేక తల దించుకుంది. దించుకుంటే కనబడ్డాయి సిస్టర్ పాదాలు. చెప్పుల్లో పది వేళ్లూ ముట్టుకున్న గొంగళిపురుగుల్లా ముడుచుకుని ఉన్నాయి.

"సిస్టర్, మీకు భయమా?"

"అబ్బే, బాగానే ఉన్నాను. ఇరవై ఏళ్లుగా గుచ్చుతున్న చెయ్యి ఇది."

"నేను నమ్మను."

సిస్టర్ కిందికి చూసుకుంది. గబుక్కున పాదాలను స్టూలు కిందికి లాక్కుంది. ఇరవై ఏళ్లలో ఆమె కాళ్లను చూసినవాళ్లు ఒక్కరూ లేరు.

"ఒకరికి గుచ్చాలంటే మొదటి రోజు నుంచీ ఇంతే పిన్నీ. ఎవరికీ చెప్పకండి."

పిన్ని చెయ్యి చాపింది. "సరే. గుచ్చమ్మా. నేనున్నాగా."

మందు చుక్క చుక్కగా దిగుతుంటే, పిన్ని ఖాళీ చేత్తో సంచిలోని కొలతల టేపు తీసి, పాదం ఇటు పెట్టమంది.

"ఈ మేజోళ్లు నాకన్నా మీకే అవసరం. ఒక జత అల్లడానికి మూడు వారాలు చాలు. వచ్చేసారి తెస్తాను."

అనుమానాల సిస్టర్ ఆ మాట మాత్రం మారు మాట్లాడకుండా నమ్మేసింది. ఏ రంగువి అని మాత్రం అడిగింది.