పెద్దరాములు నోరు తెరవని మధ్యాహ్నం

గడ్డపోతారం మందుల ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్లు డ్రమ్ములు దొర్లించిన మనిషి పెద్దరాములు. వెనుకటేడు గుండెపోటు వచ్చింది, స్టెంటు వేశారు. అప్పటినుంచి కంపెనీవాళ్లు అతన్ని గేటు దగ్గర కుర్చీలో కూర్చోబెట్టి, వచ్చేపోయే లారీల నంబర్లు రాయమన్నారు. దానికి సర్దుకున్నాడు. ఇంట్లో భార్య సోమమ్మ చేసిందే అతనికి మింగుడుపడలేదు. నీళ్ల బిందె ముట్టనివ్వదు. కూరల్లో ఉప్పు వేయదు. అన్నిటికీ మించి, ఆస్పత్రి నుంచి వచ్చిన రోజే అతని మంచం ముందుగదిలోకి మార్చేసింది.

"ఇగ మనం ముసలోళ్లల్ల కలిసినమన్నట్టు," అనుకున్నాడు. యాభై ఎనిమిదేళ్లకే అలా కలిసిపోవడం అతనికి బొత్తిగా ఇష్టం లేదు.

నెలనెలా గుండె మాత్రలు కొనేది బీరంగూడలో కమలాకుమారి మందుల షాపులో. భర్త ఉద్యోగంతో కోస్తా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి ఆవిడ. ఆ శనివారం పెద్దరాములు షాపు ముందు మూడుసార్లు అటూ ఇటూ తిరిగి, జనం పల్చబడ్డాక వెళ్లి గొంతు తగ్గించాడు.

"మేడం, మా దోస్తుకు... గా మొగోళ్ల తాకత్ గోలీలుంటయ్ గదా..."

"మీ స్నేహితుడు గుండె మాత్రలు వాడతాడా రాములుగారూ?"

"వాడుతడు. నేను వాడే అసొంటివే."

"స్టెంటు వేశారా?"

"నాకేసిన దినమే ఏసిన్రు."

కమలాకుమారి నవ్వలేదు. అతనికి భయమేసింది అందుకే.

"చూడండి. మీరు పొద్దున్నే వేసుకునే మాత్ర రక్తనాళాల్ని వదులు చేస్తుంది. నొప్పొస్తే నాలుక కింద పెట్టుకునేదీ అదే జాతి. మీ స్నేహితుడు అడిగేదీ నాళాల్ని వదులు చేసేదే. రెండూ కలిస్తే బీపీ ఒక్కసారిగా పాతాళానికి పోతుంది, కళ్లు తిరిగి పడిపోతారు. ఒకవేళ అది వేసుకున్నాక గుండె నొప్పొచ్చినా సరే, నాలుక కింద మాత్ర పెట్టకూడదు. ఆస్పత్రికెళ్లి నిజం చెప్పాలి. అసలు సిగ్గుపడకుండా గుండె డాక్టర్నే అడగమనండి."

"గట్లనే చెప్త," అని పెద్దరాములు బయటపడ్డాడు.

డాక్టర్నా! ఆ డాక్టర్‌ది కొడుకు వయసు. అంతకన్నా పటాన్‌చెరు సంతలో వేర్లూ ఆకులూ పరుచుకుని కూర్చున్నవాడే నయమనిపించాడు. "అంత చెట్లమందే కాకా. గోలీ గాదు, ఏం గాదు," అంటూ వాడు పొట్లం చేతిలో పెట్టాడు.

మర్నాడు కొడుకూ కోడలూ అమీన్‌పూర్‌లో గృహప్రవేశానికి వెళ్లారు. పెద్దరాములు నున్నగా గడ్డం గీసుకున్నాడు. కొడుకు పెళ్లినాటి సెంటు చంకల్లో కొట్టుకున్నాడు. పొట్లంలోని పొడి పాలలో కలుపుకుని గడగడా తాగాడు. కాసేపు ఆగి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

పచ్చిపులుసు పిసుకుతున్న సోమమ్మ ముక్కు ఎగబీల్చింది. "ఏందయ్యా, యాడికన్న పోతున్నవా?"

"యాడికి పోత! నీ కాడికే వచ్చిన," అంటూ అడుగు ముందుకేశాడు. ముఖం భగ్గుమంది. నేల ఊగింది. ఛాతీ బిగిసింది. గోడ వెంట జారి ఉల్లిగడ్డల బుట్టలో కూలబడ్డాడు.

సోమమ్మ కేక విని పక్కింటి రాధమ్మ పరుగెత్తుకొచ్చి 108కి ఫోన్ చేసింది. సోమమ్మ నాలుక కింద పెట్టే మాత్ర తెచ్చింది.

"నోరు తెర్వు!"

పెద్దరాములు పళ్లు బిగించాడు. తాగింది చెట్లమందే, కానీ కళ్లు తిరగడం అచ్చం కమలాకుమారి చెప్పినట్టే ఉంది.

"తెర్వయ్యా, సస్తవ్!" సోమమ్మ అతని ముక్కు మూసింది, దవడ పట్టుకుని లాగింది. రాధమ్మ గరిటె అందించింది. ఇక తప్పక, పళ్ల సందులోంచి చెప్పాడు.

"వద్దు... పొడి తాగిన."

"ఏం పొడి?"

"గదే... తాకత్ పొడి. గోలీ పెడితే పానం పోతదంట."

రాధమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అవతల ఫోన్‌లో ఉన్నవాళ్లు అంతా విన్నారు. వాళ్లు చెప్పినట్టే అతన్ని పడుకోబెట్టి, కాళ్లు ఎత్తి బియ్యం సంచి మీద పెట్టారు.

ఆస్పత్రిలో డ్యూటీ డాక్టర్ శ్రావ్య అతని కూతురీడు పిల్ల. ఏం మింగారని అడిగితే, ఈసారి పెద్దరాములు గుక్కతిప్పుకోకుండా అంతా చెప్పేశాడు. ఆమె సెలైన్ ఎక్కించి, సోమమ్మ తెచ్చిన పొట్లం చూసి తలాడించింది. "చెట్లమందంటారు గానీ, ఇట్లాంటి పొడుల్లో చాలాసార్లు ఆ గోలీనే నూరి కలుపుతారు. మీరు దాచి ఉంటే, నొప్పి తగ్గాలని నేనే నాలుక కింద మాత్ర పెట్టేదాన్ని."

తెల్లారేసరికి బీపీ దారికొచ్చింది. సోమమ్మ మంచం పక్కన కూర్చుంది.

"ఏంటికి చేసినవ్ గిట్ల?"

"నా మంచం ముందలర్రల ఏస్తివి. ఇగ నేను దేనికీ పనికిరాననే గదా?"

సోమమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. "నీ గురకకు ఏసిన అయ్యా! ఆస్పత్రిల నీ పక్కన నాలుగు రాత్రులు కన్ను మూయలే. జెర నిద్రపోదామని ఏసిన!"

వారం తర్వాత గుండె డాక్టర్ అతన్ని మిషన్ మీద నడిపించి, గుండె గట్టిగానే ఉందని చెప్పి, మందులు సవరించాడు. అడగాల్సినవన్నీ సోమమ్మే అడిగింది. అంతసేపూ పెద్దరాములు ఫ్యాను రెక్కలు చూస్తూ కూర్చున్నాడు.

రాధమ్మకు తెలిసింది కంపెనీ గేటుకు తెలియడానికి ఎంతసేపు? పదిహేను రోజులు ఒకటే నవ్వులు. అందరికన్నా పెద్దగా నవ్వింది షిఫ్టు ఇన్‌చార్జి బాపిరాజు. ఆ బాపిరాజే ఒక మధ్యాహ్నం లారీలేవీ లేని సమయం చూసి గేటు దగ్గరికి వచ్చాడు. నిరుడే అతనికీ గుండె ఆపరేషనైంది.

"రాములూ, ఆ డాక్టరు ఎక్కడుంటాడో కాస్త చెబుతావా?"

పెద్దరాములు నవ్వలేదు. చీటీ మీద అడ్రసు రాసిచ్చాడు.

"పెండ్లాన్ని తోల్కపో సారూ," అన్నాడు. "మనకు నోరు రాదు."